పాడేవాళ్ళు బోలెడు, వాయించేవాళ్ళేరీ?

ఊళ్ళో ఎవరికైనా కిడ్నీ మార్పిడికి డబ్బు కావాల్సి వచ్చినా, వరదకు ఒక కాలనీ మునిగినా, పద్యనాటకాలకు వాయించిన పాత హార్మోనిస్టు మంచాన పడ్డా మనకు వెంటనే తట్టే ఆలోచన ఒకటుంది. టౌన్‌హాల్లో ఒక సంగీత విభావరి పెడదాం, వచ్చింది వాళ్ళకిద్దాం. ఆలోచన మంచిదే, చాలాసార్లు ఎంతో కొంత డబ్బు కూడా పోగవుతుంది. అయితే అదే పోస్టరు మీద రెండో ఆశ కూడా ఉంటుంది: మన ఊరి సంగీతానికి పూర్వవైభవం తేవాలని. ఆ పని మాత్రం జరగదు. మర్నాడు ఫ్లెక్సీలు దిగుతాయి, వాట్సాప్ గ్రూపు నిండా శాలువాల ఫొటోలు పడతాయి. కొన్ని నెలలు పోయాక చూస్తే ఆ గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప ఏమీ కనపడవు.

దీనికి జనాన్ని తిట్టడం అలవాటైపోయింది. ఈ రోజుల్లో సంగీతం ఎవరికి కావాలండీ అనేస్తారు. నిజానికి వినేవాళ్ళకు కొరత లేదు. పాడేవాళ్ళయితే ఎన్నడూ లేనంతమంది ఉన్నారు. లేనిదల్లా వాళ్ళ వెనక కూర్చుని వాయించే మనుషులు. సహాయార్థ విభావరిని ప్రస్తుతం నడుపుతున్న తీరు, మిగిలి ఉన్న ఆ కొద్దిమందిని కూడా ఇంటికి పంపేలా ఉంది.

కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి. 1970ల నుంచి 90ల దాకా ఓ మాదిరి పట్టణంలో ఒక ఆర్కెస్ట్రా అయినా ఉండేది. వినాయక చవితి, దసరా, శ్రీరామనవమి పందిళ్ళు, తిరనాళ్ళు, కాలేజీ వార్షికోత్సవాలు, డబ్బున్నవాళ్ళ పెళ్ళి రిసెప్షన్లు, వీటితో ఏడాది గడిచేది. ఇద్దరు గాయకులు, ఒక గాయని, హార్మోనియం, తబలా, ఢోలక్, కాంగో, గిటారు, కుదిరితే ఫ్లూటు, ఇంకా కుదిరితే వయొలిన్. వాయించేవాళ్ళలో బ్యాంకు గుమాస్తా ఉండేవాడు, ఆర్టీసీ కండక్టరు ఉండేవాడు, డ్రాయింగు మాస్టారు ఉండేవాడు, నాదస్వరం డోలు వృత్తిగా ఉన్న ఇళ్ళ కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. స్వరలిపి చూసి వాయించేవాళ్ళు తక్కువ. చరణానికి ముందు వచ్చే బిట్టును క్యాసెట్టు వెనక్కి తిప్పి, మళ్ళీ తిప్పి, టేపు సాగిపోయేదాకా విని పట్టుకునేవాళ్ళు.

ఆ రిహార్సల్ గదులే వాయిద్యకారుల బడులు. బాలసుబ్రహ్మణ్యం పేరు సినిమాల్లో ఇంకా స్థిరపడని రోజుల్లో, 1960ల చివర్లో, మద్రాసులో ఆయన నడిపిన లైట్ మ్యూజిక్ ట్రూపులో ఇళయరాజా, గంగై అమరన్ సోదరులు వాయించేవారు. అంతటి కథలు ప్రతి ఊళ్ళోనూ ఉండవు. అయినా పద్నాలుగేళ్ళ కుర్రాడు ఎక్కడో ఒకచోట పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, తప్పు వాయిస్తే మొట్టికాయ తిని, మూడో ఏడాదికి ప్రోగ్రాంలో చేతికి వందో రెండొందలో అందుకునే వీలు ఉండేది.

అది ఒక్కసారిగా కూలిపోలేదు. మొదట ఢోలక్‌ను రిథమ్ ప్యాడ్ మింగింది. తర్వాత ఫ్లూటునూ వయొలిన్‌నూ కీబోర్డు మింగింది. చివరికి ల్యాప్‌టాప్‌లోని ట్రాకు, అంటే గొంతు లేకుండా ముందే రికార్డు చేసిన వాయిద్యాలు, కీబోర్డునే మింగేసింది. పదిమందికి పంచాల్సిన పేమెంటు ఇద్దరికే సరిపోతుందని తేలాక, పిలిచేవాళ్ళు పదిమందిని ఎందుకు పిలుస్తారు? ఊరేగింపుల్లోకి డీజేలు వచ్చాయి. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలయ్యాక గొంతు ఉన్న పిల్లలకు తెలుగునాట ఒక దారి ఏర్పడింది, వాళ్ళను తీసుకెళ్ళే తల్లిదండ్రులకు ఒక ధైర్యం ఏర్పడింది. అందులో తప్పేమీ లేదు, ఎంతోమంది మంచి గాయకులు అలా వచ్చినవాళ్ళే. కాకపోతే తబలా వాయించే పిల్లాడికి అలాంటి దారి ఎవరూ వేయలేదు.

ఫలితం నేటి కరోకే క్లబ్బు. రిటైరైన ఉద్యోగులు, డాక్టర్లు, టీచర్లు, గృహిణులు శని ఆదివారాల్లో ఏదో ఒక హాల్లో చేరతారు. తలా ఇంత వేసుకుని అద్దె కడతారు, వరసగా ట్రాకు మీద పాడతారు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభకు వెళ్ళినా, జిల్లా కేంద్రంలో ఏ కళాభవన్‌కు వెళ్ళినా ఈ దృశ్యం కనిపిస్తుంది. శాస్త్రీయం నేర్చినవాళ్ళు వీళ్ళను చూసి నవ్వుతారు. నవ్వాల్సిన పని లేదు. పాట కోసం సొంత డబ్బు ఖర్చుపెట్టి, చెమటలు కక్కుతూ ప్రాక్టీసు చేసే జనం ఒక ఊరికి చిన్న ఆస్తి కాదు. వాళ్ళు ఆ డబ్బును ఎవరికి ఇస్తున్నారన్నదే చూడాలి. హాలుకు ఇస్తున్నారు, మైకుసెట్టుకు ఇస్తున్నారు. వాయించే మనిషికి ఒక్క రూపాయి చేరడం లేదు, ఎందుకంటే ఆ మనిషి అక్కడ లేడు.

ఇంతకీ అతనెక్కడున్నాడు? ఊరు విడిచి పోలేదు. కోస్తా పట్టణాల్లో ఆదివారం పొద్దున్న ఏ చర్చి ముందు నుంచి నడిచినా కీబోర్డు, ప్యాడ్స్, బేస్ గిటారు వినిపిస్తాయి. పన్నెండేళ్ళ పిల్లలు అక్కడ ప్రతివారం, సెలవు లేకుండా, నిజమైన మనుషుల ముందు వాయిస్తున్నారు. పాడేవాళ్ళు మధ్యలో స్కేలు మార్చినా వెంటపడి పట్టుకోగలరు. ట్రాకుకు ఇది చేతకాదు. ఇవాళ తెలుగు పట్టణాల్లో ప్రతివారం తప్పనిసరిగా లైవ్ వాయిద్యం నడుస్తున్న చోటు ఏదంటే ముందు చెప్పాల్సింది చర్చే. రామాలయం భజన మండలిలో హార్మోనియం, తబలా, తాళాలు ఉన్నాయి. పెళ్ళి బ్యాండులో క్లారినెట్, ట్రంపెట్, శాక్సోఫోన్ ఉన్నాయి. పద్యనాటకాలు మిగిలిన ఊళ్ళలో, నటుడు రాగం ఎంత పొడిగించినా శృతి వదలకుండా మోసే హార్మోనిస్టు ఒకరైనా ఉన్నారు. తెలంగాణలో డప్పు, డోలక్ కళాకారులకు లోటు లేదు. 2000ల మొదట్లో ధూంధాం సభలు హాళ్ళూ టికెట్లూ లేకుండానే ఎంత పెద్ద వాద్యబృందాన్ని వీధిలోకి తెచ్చాయో అప్పటివాళ్ళకు గుర్తే. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి పేరుతో వందలమందిని జీతం మీద తీసుకున్నారు. అలా చేరినవాళ్ళు ప్రభుత్వ పథకాల పాటలే పాడాల్సి వచ్చిందన్న విమర్శ ఉంది. నెల తిరిగేసరికి జీతం వచ్చే కళాకారుడు కళలోనే నిలబడతాడన్నది కూడా దాంతోపాటే కనిపించిన సంగతి.

1919లో పెట్టిన విజయనగరం సంగీత కళాశాల మొదలుకుని విజయవాడ, హైదరాబాద్, సికింద్రాబాద్, వరంగల్ ప్రభుత్వ సంగీత కళాశాలల దాకా వయొలిన్, వీణ, మృదంగం నేర్చుకుంటున్న విద్యార్థులు వేరే ఉన్నారు. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు ప్రిన్సిపాళ్ళుగా పనిచేసిన కాలేజీ విజయనగరానిదే. అక్కడ చదివిన ఘంటసాల సినిమా పాటకూ శాస్త్రీయానికీ మధ్య గోడ కట్టుకోలేదు.

వీళ్ళంతా ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే వీధిలో ఉంటారు. అయినా ఒకరి వాయిద్యం ఒకరు వినరు. చర్చి కీబోర్డు కుర్రాడికి భజన మండలి తబలా ఆయన పేరు తెలియదు. బ్యాండు క్లారినెట్ మనిషిని ఎవరూ హాలు లోపలికి పిలవరు, అతని చోటు ఊరేగింపు ముందు అని ఖాయం చేసేశారు. కులం, మతం, వృత్తి గౌరవం అనే మూడు గోడలు ఇక్కడ పనిచేస్తున్నాయి. ఆ గోడలను కొద్దిసేపు దాటించే సందర్భం సహాయార్థ విభావరి ఒక్కటే. వరద బాధితుల కోసం అంటే చర్చి పెద్దా కాదనడు, గుడి కమిటీ ఛైర్మనూ కాదనడు. వీళ్ళను ఒకే గదిలో కూర్చోబెట్టి ఆరు రిహార్సల్స్ చేయించడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. ఆ సాకును చేతులారా పోగొట్టుకుని ట్రాకు మీద నడిపించేసి, పైగా సంగీతానికి సేవ చేశామనుకోవడం విచిత్రం.

ట్రాకు ఎందుకు పెడతారంటే ఖర్చు తగ్గుతుందని. వాయించేవాళ్ళను పిలిచినా, మంచి పని కదా ఉచితంగా రండి అంటారు. ఇక్కడ లెక్క వేసి చూడాలి. ఒక జిల్లా పట్టణం, ఐదు వందల సీట్ల హాలు అనుకుందాం. అంకెలు ఊహించినవే, ఊరిని బట్టి మారతాయి. సగటున 150 రూపాయల చొప్పున 350 టికెట్లు అమ్మితే 52,500. దాతల నుంచి లక్షన్నర. మొత్తం 2,02,500. ఖర్చుల వైపు హాలు, కరెంటు 20,000. సౌండు, లైట్లు 35,000. ప్రింటింగు, భోజనాలు, ప్రయాణాలు 15,000. లైసెన్సులు, అనుమతులు 10,000. పదిమంది వాయిద్యకారులకు రిహార్సల్స్‌తో కలిపి మనిషికి మూడువేల చొప్పున 30,000. అంతా 1,10,000. బాధితుడికి చేరేది 92,500. వాయిద్యకారులకు ఏమీ ఇవ్వకపోతే 1,22,500 చేరుతుంది.

ఆ ముప్ఫైవేలు చిన్న మొత్తం కాదు, ఆసుపత్రి బిల్లు ముందు నిలబడ్డ కుటుంబానికి అసలే కాదు. వాదన నిజాయితీగా చేయాలంటే ఇది ఒప్పుకోవాలి. కానీ ఆ ముప్ఫైవేలు ఎవరు ఇచ్చినట్టు? రోజుకూలీ మీద పెళ్ళిళ్ళకు వాయించే మనిషి ఆరు సాయంత్రాలు రిహార్సల్‌కు, ఒక రోజంతా ప్రోగ్రాముకు ఇచ్చాడు. అతని వంతు విరాళం మూడువేలు. పక్కనే లక్షల వ్యాపారం చేసే నగల కొట్టు యజమాని ఐదువేలిచ్చి వేదిక మధ్య కుర్చీలో కూర్చున్నాడు. ఉచితంగా ఒకసారి వస్తారు, రెండోసారీ వస్తారు. మూడోసారి ఫోను ఎత్తరు. ఇంట్లో తిట్టు తిని మానేసేది కూడా వాళ్ళే. కాబట్టి పేమెంటు ఇచ్చి తీరాలి. తీసుకున్నాక ఎవరైనా కవరు తిరిగిచ్చి ఇది నా విరాళం అంటే, ఆ పేరు మొదటి దాతగా చదవాలి.

పై లెక్కలో వేయని ఖర్చు ఒకటుంది: సన్మానాలు. శాలువా, మెమెంటో, దండ కలిపి మనిషికి ఆరువందలు, పాతికమందికి పదిహేనువేలు. ఐదుగురు వాయిద్యకారుల పేమెంటు అది. డబ్బు సంగతి అలా ఉంచినా, సమయం సంగతి ఇంకా ఘోరం. కార్డులో సాయంత్రం 6 గంటలని ఉంటుంది. ముఖ్య అతిథి 6:50కి వస్తారు. జ్యోతి ప్రజ్వలన. వేదికను అలంకరించవలసిందిగా ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలుస్తారు, పద్నాలుగు కుర్చీలు నిండుతాయి, పదిహేనోవారి కోసం ప్లాస్టిక్ కుర్చీ తెస్తారు. తలా రెండు మాటలు. ఆ రెండు మాటలు ఎనిమిది నిమిషాలు. వెనక కర్టెన్ పక్కన తబలా ఆయన మూడుసార్లు శృతి చేసుకుని మూడుసార్లు వదిలేస్తాడు. పాట 8:20కి మొదలవుతుంది. పదికి హాలు వాచ్‌మన్ తాళాలతో నిలబడతాడు. మిగిలిన వంద నిమిషాల్లో, యాంకర్ మాటలు పోగా, పద్దెనిమిది పాటలు పడితే గొప్ప. పాడతామని పేర్లిచ్చినవాళ్ళు ఇరవై నాలుగుమంది. ఇక అలకలు మొదలు.

సన్మానాలను వెక్కిరించడం సులువే గానీ, అవి ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. మన ఊళ్ళలో స్థానిక విభావరికి టికెట్ కొనే అలవాటు లేదు. ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే. డబ్బంతా దాతలది. రైస్‌మిల్లు, ప్రైవేటు కాలేజీ, నర్సింగ్‌హోమ్ ఇస్తాయి. దాత కొనుక్కునేది సంగీతం కాదు, వేదిక మీద పది నిమిషాలు. తన డబ్బుకు తగిన సరుకు అడుగుతున్నాడు, అంతే. టికెట్ కొన్నవాడు మాత్రం పాటనే కొంటాడు. అందుకే వందరూపాయల టికెట్టయినా సరే పెట్టాలి. దానివల్ల వచ్చే మొత్తం దాతల సొమ్ములో మూడోవంతే ఉండొచ్చు. కానీ ఆరున్నరకు పాట మొదలుకాకపోతే గట్టిగా అడిగే హక్కున్న మనుషులు మూడువందల యాభైమంది హాల్లో ఉంటారు. దాతల పేర్లు తెరమీద, టికెట్ వెనక, కరపత్రంలో ఎంత పెద్దగా అయినా వేయొచ్చు. సభ ఏమన్నా ఉంటే పాటల మధ్య విరామంలో, పదిహేను నిమిషాలు.

బాధితుణ్ణి వేదికెక్కించి పెద్ద అట్టముక్క చెక్కు చేతికివ్వడం మానేస్తే బాగుంటుంది. తీసుకునేవాళ్ళకూ ఒక ముఖం ఉంటుంది కదా.

పెద్ద గాయకుణ్ణి రప్పిస్తే హాలు నిండుతుంది కదా అని అడిగేవాళ్ళుంటారు. తారల సహాయ కార్యక్రమాలకు తెలుగునాట పెద్ద చరిత్రే ఉంది. 1952 రాయలసీమ కరువుకు ఎన్.టి. రామారావు తోటి నటులతో జోలె పట్టి తిరిగారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత ఆయనా, అక్కినేని నాగేశ్వరరావూ మళ్ళీ అదే పని చేశారు. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత సినీ పరిశ్రమ అంతా కలిసి మేము సైతం అంది. విపత్తు పెద్దదైనప్పుడు ఆ పద్ధతి పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ పోగుచేసేది రాష్ట్రమంతటి జాలిని. ఒక పట్టణంలో ఒక కుటుంబం కోసం టీవీ గాయకుణ్ణి పిలిస్తే కారు, హోటలు, పారితోషికం, వెంట వచ్చే ఇద్దరి ఖర్చు పోను మిగిలేది పలచబడుతుంది. పైగా జనం చూడటానికొచ్చింది ఆయన్నే కాబట్టి, మర్నాటికి ఊరి వాయిద్యకారుల సంగతి ఎవరికీ గుర్తుండదు.

తేదీ ఎంపిక గురించి ఒక మాట. ముహూర్తాలున్న నెలలో బ్యాండువాళ్ళు, సౌండువాళ్ళు, హాళ్ళు ఏవీ దొరకవు, దొరికినా రేట్లు మండుతాయి. ఆషాఢమో మూఢమో వచ్చినప్పుడు ఆ ముగ్గురూ ఖాళీ. శుభకార్యాలు చేయనివాళ్ళు పాట వినడానికి అడ్డేమీ లేదు. ఆదివారం పొద్దున్న రిహార్సల్ పెడితే చర్చి కుర్రాళ్ళు రారు, కాబట్టి శనివారం సాయంత్రమే మేలు. ఇంటర్ పరీక్షలప్పుడు పెట్టి జనం రాలేదనుకోవడం మన తప్పే.

సౌండు విషయంలో మాత్రం కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే లైవ్ వాయిద్యం ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఊళ్ళో మైకుసెట్టు మనిషికి రెండు రకాల పని అలవాటు: మీటింగు ప్రసంగం, డీజే. ప్రసంగానికి ఒక మైకు చాలు, డీజేకు బేస్ పెంచితే చాలు. పదిమంది వాయిస్తుంటే ఎవరి శబ్దం ఎవరి మీద పడుతుందో సరిచూడటం వేరే పని. బేరంలో మొదట ఎగిరిపోయేవి మానిటర్లు, అంటే వాయించేవాళ్ళ వైపు తిప్పి పెట్టే స్పీకర్లు. జనానికి కనపడవు కాబట్టి అనవసరం అనుకుంటారు. అవి లేకపోతే తబలా ఆయనకు గాయని గొంతు హాలు వెనక గోడకు కొట్టుకుని ఆలస్యంగా వినిపిస్తుంది. ఆయన ఆ ఆలస్యానికి తగ్గట్టు వాయిస్తాడు, ఆమె ఆయన కోసం ఆగుతుంది, రెండో చరణానికి పాట మొత్తం జారిపోతుంది. కూర్చున్నవాళ్ళు మనవాళ్ళకు చేతకాదు, ట్రాకే నయం అనుకుంటారు. చేతకాకపోవడం కాదు, వినపడకపోవడం. కదిలే రంగుల లైట్లు, వెనక ఎల్‌ఈడీ తెర తగ్గించుకుని ఆ డబ్బుతో నాలుగు మానిటర్లు పెట్టించాలి. కీబోర్డు అడాప్టరు పెట్టగానే గుంయ్‌మనే హమ్ వస్తే అది సాధారణంగా ఎర్తింగ్ గొడవ. మధ్యాహ్నం మూడింటికే అన్నీ కలిపి చూసుకుంటే ఎలక్ట్రీషియన్ను పిలవడానికి టైముంటుంది. ఐదున్నరకు చూసుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఖాళీ హాల్లో వినిపించే మోత జనం నిండాక తగ్గుతుందన్నది కూడా సౌండు మనిషికి ముందే చెప్పి ఉంచాలి.

ఇక కాగితాలు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. మూసి ఉన్న ఆడిటోరియం లోపలికి మినహాయింపు ఉంది. పందిట్లోనో మైదానంలోనో పెట్టేవాళ్ళు పోలీసుల దగ్గర మైకు అనుమతి ముందే తీసుకోవాలి. సినిమా పాటలు పాడితే కాపీరైటు సంగతి వస్తుంది. 1957 చట్టంలో 52వ సెక్షన్ ఔత్సాహిక సంఘాలకు ఒక మినహాయింపు ఇస్తుంది: వినేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోనప్పుడు, లేదా మతసంస్థ ప్రయోజనం కోసం అయినప్పుడు. రోగి సహాయార్థం టికెట్ పెట్టి చేసే విభావరి ఈ రెంటిలోకీ రాదు. మంచి పనే కదా అన్నది చట్టంలో లేదు. పాట, సాహిత్యం హక్కులకు ఐపీఆర్ఎస్ అనే సంస్థ లైసెన్సు ఇస్తుంది. రికార్డయిన ట్రాకు వేస్తే ఆ రికార్డింగు హక్కు మళ్ళీ వేరు. 2017లో బాలసుబ్రహ్మణ్యం అమెరికా పర్యటనలో ఉండగా తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా నోటీసు పంపడంతో ఈ విషయం ఇంటింటా చర్చకొచ్చింది. అప్పటిదాకా చాలామంది నిర్వాహకులకు ఇలాంటి లైసెన్సు ఒకటి ఉందనే తెలియదు. జీఎస్టీ విషయంలో భయం అక్కర్లేదు, తలా ఐదువందలు మించని సంగీత కార్యక్రమం టికెట్ మీద ఆ పన్ను లేదు.

అసలు పేచీ వచ్చేది డబ్బు చేతులు మారేచోట. పోస్టరు మీద కార్యదర్శిగారి సొంత ఫోన్ నంబరు క్యూఆర్ కోడ్ వేస్తారు. ఆయన ఎంత నిజాయితీపరుడైనా, జీతం, పాలబిల్లు, విరాళం ఒకే ఖాతాలో కలిసిపోయాక ఎవరికి లెక్క చెప్పగలరు? ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టరు చేసుకోవచ్చు, ఆ పేరున ఖాతా తెరవొచ్చు. అంత తీరిక లేకపోతే ఇప్పటికే రిజిస్టరై ఉన్న లయన్స్ క్లబ్బో ట్రస్టో ఖాతా వాడుకోవాలి. ఆసుపత్రి ఖర్చయితే డబ్బు నేరుగా ఆసుపత్రికే కట్టాలి. పన్ను మినహాయింపు రసీదు (80జీ అంటారు) అడిగే దాతలుంటారు. ఆ గుర్తింపు ఉన్న సంస్థ మాత్రమే అది ఇవ్వగలదు, రెండువేలు మించి నగదుగా ఇస్తే దానికి పన్ను మినహాయింపు రాదు.

ఇవన్నీ చిన్న ఊళ్ళ ఇబ్బందులనుకుంటే పొరపాటు. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో, బంగ్లాదేశ్ శరణార్థుల కోసం సితార్ విద్వాంసుడు రవిశంకర్ అడగ్గా బీటిల్స్ బృందపు గిటారిస్టు జార్జ్ హారిసన్ పెట్టించిన కచేరీ ప్రపంచంలో ఈ తరహా వాటికన్నిటికీ పెద్దన్న. ఒకే రోజు రెండు ఆటలు, సుమారు నలభైవేల మంది జనం. గేటు దగ్గర వచ్చిన రెండు లక్షల నలభై మూడువేల డాలర్లు యునిసెఫ్‌కు వెళ్ళాయి. తర్వాత రికార్డుల మీద వచ్చిన పెద్ద డబ్బు మాత్రం అమెరికా పన్ను శాఖ దగ్గర ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయింది. పన్ను మినహాయింపు ఏర్పాట్లు కచేరీకి ముందే చేసుకోకపోవడమే కారణం. కొన్ని వారాల్లోనే అంతమందిని కూడగట్టినవాళ్ళకు ఒక దరఖాస్తు పెట్టే తీరిక లేకపోయింది.

విభావరి బాగా జరిగింది, డబ్బు చేరింది, వాయిద్యకారులకు పేమెంట్లు అందాయి అనుకుందాం. ఆ తర్వాత వచ్చే నెలలోనే ఊరి సంగీతం సంగతి తేలేది. ఆరు రిహార్సల్స్‌లో కలిసిన చర్చి కీబోర్డు, భజన తబలా, బ్యాండు క్లారినెట్ మళ్ళీ కలవాలంటే తేదీ, గది ఉండాలి. ఇంకో విపత్తు కోసం ఎదురుచూడకూడదు కదా. వందేళ్ళు దాటిన కాకినాడ సరస్వతీ గానసభ లాంటివి నిలబడ్డది ఒక మహా కచేరీ వల్ల కాదు, ఏటా అదే కాలంలో తప్పకుండా జరపడం వల్ల. అమెరికాలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన 1978లో చాలా చిన్నగా మొదలైంది. అక్కడి పిల్లలకు పంచరత్నాలు నోటికి రావడానికి కారణం పెద్ద విద్వాంసులు రావడం ఒక్కటే కాదు, ఫలానా రోజున మనమంతా కూర్చుని పాడాలని ఏడాది పొడవునా ఇళ్ళల్లో సాధన జరగడం.

మన పట్టణాలకు సరిపడే ఏర్పాటు ఇంతకంటే సులువైనది ఉంది. కరోకే క్లబ్బు ఎలాగూ నెలకు రెండు మూడుసార్లు హాలు తీసుకుంటోంది. అందులో ఒక్క సాయంత్రం ట్రాకు కట్టేసి నలుగురు వాయిద్యకారులతో పాడాలి. పాడేవాళ్ళు ఇప్పుడు కడుతున్న దానికి తలా వంద, రెండువందలు కలిపితే ఆ నలుగురి పేమెంటు వెళ్ళిపోతుంది. మొదట్లో ఇబ్బందే. ట్రాకుకు అలవాటుపడ్డ గాయకుడికి పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలో ఎవరూ తెరమీద చూపించరు. శృతి తక్కువ చేయమని నోరు తెరిచి అడగాలి, ఢోలక్ కుర్రాడి కళ్ళల్లోకి చూసి ముగించాలి. కొందరు వద్దంటారు. వద్దన్నవాళ్ళకు మిగతా సాయంత్రాలు ఉండనే ఉన్నాయి. సంగీత కళాశాల విద్యార్థులకు ముందు వరస ఉచితంగా ఇచ్చి, వయొలిన్ పెట్టె వెంట తెచ్చుకోమంటే ఖర్చేమీ కాదు.

ఈ నెలవారీ సాయంత్రాల హాలు అద్దెకు సహాయార్థ విభావరి మిగులులోంచి కొంత పక్కన పెడదామని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది కుదరదు. టికెట్ కొన్నవాళ్ళు రోగి కోసం కొన్నారు. పదిశాతం సంగీత నిధికి అని పోస్టరు మీదే ముందు వేసి ఉంటే తప్ప, ఆ డబ్బులోంచి పైసా తీసినా రెండోసారి ఆ ఊళ్ళో ఎవరూ టికెట్ కొనరు. అద్దె కోసం వేరే దాతను చూసుకోవాలి. నెలకు ఒక సాయంత్రం చొప్పున ఆరునెలల అద్దె ఒకేసారి అడగాలి. రెండో నెల హాలు సగం ఖాళీగా ఉంటుంది, మూడో నెలా అంతే కావచ్చు. ఆ ఆరునెలల డబ్బు ముందే కట్టేసి ఉంటే, జనం తక్కువైనా ప్రోగ్రాం రద్దు చేద్దామనే మాట ఎవరూ ఎత్తరు.